అర నంబరు

జయపురం బస్టాండు వెనక
ధనుర్జయ మేస్త్రి షెడ్డులో, పాత ఒడియా పేపరు మీద
మూడు జతల కామ్‌లు.
కోడిగుడ్డుకు ముక్కు మొలిచినట్టు ఒక్కొక్కటీ.

మొదటి జత నా బుల్లెట్టుదే, డెబ్బై ఒకటి మోడలు.
టాపెట్లను లేపి లేపి
పళ్ళూడిన చిగుళ్ళలా నున్నబడిపోయాయి.
రెండోది రేసు జత. ఎవరో పందేల కుర్రాడు అమ్ముకుపోయింది.
కోపమంతా ముక్కు మీదే దానికి.
మూడోది రాయగడ లేతు షాపులో సానబట్టించింది,
పాతదానికన్నా గోరంచు ఎత్తు. అంతే.

"రేసుదే ఎయ్యండి బాబూ," అంటాడు హెల్పరు టుకునా,
"నాలుగు వేలు దాటాక సూడాల, పులి!"
నాలుగు వేలు దాటే రోడ్డు నాకేదిరా?
సాలూరు నుంచి సరుకు తెస్తూ
సుంకి ఘాటులో లారీ వెనక రెండో గేరు,
కుందులి సంతలో మేకల మధ్య మొదటి గేరు,
వెనక రేకుపెట్టెలో పాతచీర ముక్కల్లో చుట్టిన
నూట ఎనభై కళ్ళజోళ్ళు.

మేస్త్రి బీడీ ఆర్పాడు.
"కవాటం ఎంత ఎత్తు తెరవాల, ఎంతసేపు తెరవాల,
గొడవంతా అదే.
రేసుది వీధి గుమ్మం, పెరటి గుమ్మం
రెండూ బార్లా తీసుంచుతాది.
జోరు మీదున్నప్పుడు బాగే.
మెల్లగా పోతే మాత్రం, వచ్చిన చుట్టం వచ్చినట్టే
పెరట్లోంచి చక్కాపోతాడు, అన్నం ముట్టడు."

నాకు గురుబారి గుర్తొచ్చింది.
సామల్లో రాళ్ళు కనబడట్లేదని వచ్చి
అన్నిటికన్నా గట్టి అద్దాలు ఇమ్మంది.
ఇచ్చాను, నా బేరం నాది.
పై శుక్రవారం మోకాలికి పసుపు పట్టేసుకొచ్చి
జోడు నా చేతిలో పెట్టింది:
"నేల పైకొచ్చేసింది నాయనా."
ఆనాటి నుంచి ఎవరొచ్చినా
అర నంబరు పెంచి, సూదీ దారం చేతికిచ్చి చూస్తాను.

మూడోదే వెయ్యమన్నాను.

సాయంత్రానికి టైమింగు కవరు మూశారు.
ఆమీటరు ముల్లు నడిమికి తెచ్చి తన్నాను.
కార్బురేటరు ఠప్పుమని తుమ్మింది.
మళ్ళీ తన్నాను. మళ్ళీ తుమ్ము.
"లేతువాడు ముంచాడు," మేస్త్రి అన్నాడు.
"రేసుది ఏసుంటే," టుకునా అన్నాడు.
కవరు విప్పారు.
గేరు మీది గుర్తు చుక్కను చూడ్డానికి
మేస్త్రి తల వెనక్కి, ఇంకా వెనక్కి,
షెడ్డు స్తంభానికి తగిలేదాకా జరపడం
అప్పుడు చూశాను.
నా పనే ఇది. అంతవరకూ ఎలా చూడలేదో.

రేకుపెట్టె తెరిచాను.
"గట్టిది ఇయ్యి బాబూ, సుక్క తాటికాయంత కనబడాల."
ఒకటి పెట్టాను. చాల్లేదు.
ఒకటిన్నర.
మేస్త్రి కాసేపు మాట్లాడలేదు.
తర్వాత స్క్రూడ్రైవరు మొనతో చూపించి
ఒడియాలో తనని తానే ఏదో తిట్టుకున్నాడు.
ఒక పన్ను తేడా.
ఎన్నాళ్ళ నుంచి, ఎన్ని బళ్ళకు
అని నేనడగలేదు.
కూలి ఆయన తీసుకోలేదు. జోడు డబ్బులూ అంతే.

బండి చప్పుడు ఎప్పటిలాగే ఉంది.
టుకునా మొహం చిన్నబోయింది.
రేసు జతను తీగకు గుచ్చి
తన చొక్కా తగిలించే మేకుకు వేలాడదీసుకున్నాడు.
ఉంచుకోనీ. వాడికింకా వయసుంది,
తిన్నని రోడ్డు ఒకటి ఎక్కడో దొరక్కపోదు.

మొన్న సుంకి ఘాటు, మంచు వీడకముందు.
ముందు లారీ.
ఎప్పుడూ మొదటి గేరుకు దించే మలుపు.
కాలు దానంతటది గేరు మీదకు పోయి
అక్కడే ఆగింది.
బండి ఎక్కుతోంది.
వెనక పెట్టెలో నూట డెబ్బై తొమ్మిది జోళ్ళు
ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ సణుగుతున్నాయి,
గట్టిగా కాదు.